తొమ్మిదో చెయ్యి

బంగారుపాళ్యం మార్కెట్ యార్డు వెనక
మా పార్టీ ఆఫీసు.
జూన్ నెల. కిటికీ తెరిస్తే తోతాపురి వాసన,
మూస్తే మా చెమట వాసన.
తెరిచే ఉంచినాం.

క్రమశిక్షణ సంఘం అంటే ముగ్గురం:
దామోదరం, మునెమ్మ, నేను.
మండీలో లెక్కలు రాసేవాణ్ణి, చేతిరాత బాగుంటుందని
మినిట్స్ పుస్తకం నాకే అంటగట్టినారు.
ఎదురుగా వజ్రవేలు.
నిలబడినాడు.

ముందటేడు మండలాధ్యక్ష ఎన్నిక రోజు
పదిహేడు మందిలో తొమ్మిది మంది మావాళ్ళు.
విప్ కాగితం మీద తొమ్మిది సంతకాలు.
మునెమ్మ పేరు చదివినప్పుడు
ఎనిమిది చేతులు లేచినాయి.
తొమ్మిదోది
తొడ మీదే పడుకుంది.
అవతలి పేరు చదివినప్పుడు మెల్లగా లేచింది,
జవాబు తెలియని పిల్లోడు
బడిలో ఎత్తినట్టు.

దండల బస్తా ఆటోలోనే ఉండిపోయింది.
మర్నాడు మేక తినింది.

దామోదరం బల్ల గుద్దినాడు:
"ఈ పొద్దు వీణ్ణి వదిలితే
రేపు ప్రతి చేతికీ ఒక రేటు పడతాది."
అది అబద్ధం కాదు. రాసుకున్నాను.
"ఎంతిచ్చినారు రా?"

వజ్రవేలు చానాసేపు నేల చూసినాడు.
"ఇచ్చినారు. తీసుకున్నా.
దానికి కాదన్నా పోయింది.
వాళ్ళింటికి పోతే
కూర్చోమన్నారు."

వజ్రవేలుది షామియానా కొట్టు.
ఇరవై రెండేళ్ళుగా మా ప్రతి మీటింగుకూ
కుర్చీలు దించింది, వేసింది, తుడిచింది, ఎత్తింది
ఆయనే.
గెలిచి మెంబరైనాక కూడా
"వేలూ, ముందు వరసకు ఇంకో నాలుగు" అనే పిలిచినాం.
ఆయన కూర్చున్న మీటింగు ఒక్కటన్నా
పెన్ను కొస కొరుకుతా వెదికినా.
దొరకలేదు.

దామోదరం నవ్వినాడు:
"కుర్చీకి ఎవడన్నా ఇల్లమ్ముకుంటాడా?"

ఆయన తల వెనక గోడ మీద పోయిన నెల ఫోటో,
గ్రానైటు ఢిల్లీబాబు మెడలో మా కండువా.
ఆయన అట్నుంచి ఇటొచ్చినాడు, పద్నాలుగు కార్లతో.
దానికి మేం పెట్టిన పేరు చేరిక.
టపాకాయలు కాల్చినాం.
వజ్రవేలు ఇట్నుంచి అటు పోయి
మళ్ళీ నడుచుకుంటా వచ్చినాడు.
దానికి పేరు పెట్టడానికే ఈ కూటం.
ఇది నేను పైకి అనలేదు.
మినిట్స్ రాసేవాడు అనగూడదు అనుకుంటా
చానా ఏళ్ళుగా చానా అనలేదు.

అంతసేపూ పాత కరపత్రంతో విసురుకుంటా ఉన్న మునెమ్మ
చెయ్యి ఆపింది.
"మన్నించేదానికి పార్టీ ఎవరు?
ఓడింది నేను. మేక తినింది నా దండలు.
నా కోపం మీ తీర్మానంతో రాలేదు,
మీ తీర్మానంతో పోదు.
ఈయప్పను తీసెయ్యొద్దు.
ప్రతి మీటింగులో నా ఎదురుగా కూర్చోబెట్టండి,
చేతులు రెండూ బల్ల మీద పెట్టుకోని."

ఇది శిక్షా, మన్ననా?
"ఏ మాట రాయమంటావక్కా?"
"రాసేది నువ్వు కదా," అనింది.

"ఇది మీ ఇంటి పంచాయితీ కాదు," దామోదరం లేచినాడు.
"తీసేద్దామనేవాళ్ళు చెయ్యెత్తండి."
ఆయనది లేచింది.
మునెమ్మది కరపత్రంతో మళ్ళీ ఊగతా ఉంది.
మిగిలింది నాది, పెన్నుతో సహా,
తొడ మీద.

వజ్రవేలు దగ్గినాడు.
"తీసేసేదైతే, అన్నా,
అయిదు మీటింగుల కుర్చీల బాకీ ఉండాది.
అది కూడా ఆ పుస్తకంలో రాయండి."
"ఢిల్లీబాబు చేరిన దినానిదీ నీదేనా?"
"అదే పెద్దది. ఎనిమిదొందల కుర్చీలు."

కిటికీ అవతల కాయల లారీ ఒకటి
వెనక్కి వెనక్కి పోతా అరుస్తా ఉంది.
గదిలో ఉండేది మూడే కుర్చీలు.
నేను లేచినాను.
అది ఓటనుకున్నాడు దామోదరం.
వజ్రవేలు ఖాళీ అయిన నా కుర్చీని చూసి,
అలవాటు కొద్దీ,
భుజం మీది తుండుతో
తుడిచినాడు.